జాబితాలో లేని ఫోన్

కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి చుట్టుపక్కల లంక ఊళ్లలో చేపల చెరువు గట్టెక్కే రైతుకి ఫోన్ లేకుండా పొద్దు గడవదు. పిల్ల బేరం, మేత బస్తాల లెక్క, ఆ పూట చేప ధర, పట్టుబడికి లారీ ఎప్పుడొస్తుందన్న కబురు, అన్నీ దాంట్లోనే. ఆ ఫోన్ జేబులోంచి జారి చెరువులో మునిగిందంటే, ప్రాణం దక్కినా చూపు పోతుంది. మోగుతుంది, ఎవరు చేశారో కనపడదు. అక్కణ్నుంచి అది కైకలూరులోనో ఏలూరులోనో ఒక మొబైల్ రిపేరు కొట్టుకి చేరుతుంది. "డిస్‌ప్లే సంగతి తర్వాత చూద్దాం గానీ, ముందు ఫొటోలూ లెక్కలూ తీసిపెట్టు బాబూ" అంటాడు రైతు. కొట్టులో కుర్రాడు కేబుల్ గుచ్చి, కంప్యూటర్ వంక ఒకసారి చూసి అడిగే మొదటి మాట ఒకటే: "మోడల్ ఏంటి బాబాయ్?"

సరైన ప్రశ్నే. కాకపోతే కేబుల్‌కి అవతల ఉన్న కంప్యూటర్‌కి ఆ ప్రశ్న పుట్టదు. మోడల్ పేరు పెట్టె మీద అచ్చేసిన మాట, ప్రకటనల్లో వినిపించే మాట. యూఎస్‌బీ తీగ మీద ప్రయాణించేది వేరే. ఫోన్‌ని గుచ్చగానే కంప్యూటర్ "నువ్వెవరు?" అని అడుగుతుంది, ఫోన్ రెండు సంఖ్యలు చెబుతుంది. మొదటిది కంపెనీ సంఖ్య, రెండోది సరుకు సంఖ్య. ఒక్కొక్కటీ పదహారు బిట్లు, అంటే 65,536 విలువలకి మించి వీల్లేదు. కంపెనీ సంఖ్యను యూఎస్‌బీ సంస్థకు రుసుము కట్టి తీసుకోవాలి. లెక్క పదహారు ఆధారంగా సాగుతుంది కాబట్టి అంకెల మధ్య ఇంగ్లీషు అక్షరాలూ దూరుతాయి: శాంసంగ్‌ది 04ఈ8, గూగుల్‌ది 18డి1, మీడియాటెక్ చిప్‌ది 0ఈ8డి. వందల రకాల ఫోన్లకు పనికొచ్చేలా ఒక ఓపెన్ సోర్స్ టూల్‌ని మలచడం అంటే, చాలావరకు, ఈ సంఖ్యలతో పడే తంటాయే.

యూఎస్‌బీ మొదటి ప్రమాణం 1996 జనవరిలో వచ్చింది. దాని రూపకర్తల్లో ముందు చెప్పుకునే పేరు ఇంటెల్‌లో పనిచేసిన అజయ్ భట్, వడోదరలో చదువుకున్న గుజరాతీ. ఆ ప్రమాణంలోని తెలివి ఏమిటంటే, వస్తువు ఎవరు చేశారన్నది కాదు, ఏ జాతిదన్నదే ముఖ్యం. మౌస్ అయితే మౌస్ జాతి, కీబోర్డ్ అయితే కీబోర్డ్ జాతి. అందుకే ఏలూరు బజార్లో వందకో రెండొందలకో కొన్న ఊరూపేరూ లేని మౌస్ కూడా ఏ కంప్యూటర్‌కి గుచ్చినా నడుస్తుంది. ఈ తెలివి ఫోన్ దగ్గరికొచ్చేసరికి తడబడింది. ఫోన్ ఏదో ఒక జాతిది కాదు. అది పగటివేషగాడు. ఫైళ్లు పంపేటప్పుడు ఒక వేషం, నెట్ ఇచ్చేటప్పుడు ఇంకో వేషం, లోపలి సాఫ్ట్‌వేర్ మార్చేటప్పుడు మరో వేషం. వేషం మారినప్పుడల్లా సరుకు సంఖ్య కూడా మార్చుకోవచ్చు, చాలా ఫోన్లు మార్చుకుంటాయి. ఫోన్ ఒక్కటే, గుచ్చినప్పుడల్లా కంప్యూటర్‌కి కనపడే మనిషి వేరు.

ఈ వేషగాణ్ని గుర్తుపట్టడానికి టూళ్లు రాసేవాళ్లు పట్టుకున్న మొదటి దారి జాబితా. తెలిసిన సంఖ్యలన్నీ రాసిపెట్టుకోవడం, వచ్చినవాడు జాబితాలో ఉంటే పలకరించడం, లేకపోతే తలుపు తియ్యకపోవడం.

ఈ దారి ఎంత దూరం వెళ్తుందో మన దేశంలో లైనక్స్ వాడినవాళ్లకు డాంగిల్ రోజుల్లోనే తెలిసొచ్చింది. టాటా ఫోటాన్, రిలయన్స్ నెట్‌కనెక్ట్, బీఎస్ఎన్ఎల్ త్రీజీ డాంగిళ్లు ఊరూరా అమ్ముడైన కాలంలో, అనేక డాంగిళ్లు గుచ్చగానే మోడెమ్‌లా కాకుండా సీడీలా కనపడేవి. ఆ సీడీలో విండోస్ డ్రైవర్ ఉండేది. విండోస్ దాన్ని ఇన్‌స్టాల్ చేసి, ఒక రహస్య సందేశం పంపితే, డాంగిల్ సీడీ వేషం విప్పి మోడెమ్ అయ్యేది. లైనక్స్‌కి ఆ సందేశం ఏమిటో ఎవరూ చెప్పలేదు. జర్మనీకి చెందిన జోసువా డీట్సే రాసిన యూఎస్‌బీ మోడ్‌స్విచ్ ఆ పని చేసింది. దాని ఇంజిన్ చిన్నది. బరువంతా పక్కనున్న సమాచార పొట్లంలో ఉంది: ఒక్కో డాంగిల్‌కి ఒక్కో చిన్న ఫైలు, ఫైలు పేరే ఆ రెండు సంఖ్యలు, లోపల ఆ డాంగిల్‌కి పంపాల్సిన సందేశం. కొత్త డాంగిల్ వస్తే ప్రోగ్రామ్ ముట్టుకోనక్కర్లేదు, ఒక చిన్న ఫైలు చేరిస్తే చాలు. ప్రోగ్రామ్ రాయడం రానివాడు కూడా తన చేతిలోని డాంగిల్‌కి సాయం చేయగలిగాడు. జాబితా దారిలో ఇంతకంటే చక్కటి అమరిక ఈ రంగంలో తక్కువే.

ఆండ్రాయిడ్ వచ్చాక జాబితాకి ఆయాసం మొదలైంది. గూగుల్ ఇచ్చే ఏడీబీ అనే టూల్ కంప్యూటర్ నుంచి ఫోన్‌తో మాట్లాడే ప్రధాన ద్వారం. తొలి ఏళ్లలో దాని లోపల కంపెనీ సంఖ్యల పట్టిక ఉండేది. జాబితాలో లేని కంపెనీ ఫోన్ కొన్నవాడు ఒక చిన్న ఫైలు తెరిచి, తన ఫోన్ కంపెనీ సంఖ్యను చేత్తో రాసుకోవాలి. చైనా నుంచి బోర్డులు తెప్పించుకుని సొంత పేరుతో అమ్మే కంపెనీలు వరసగా వస్తున్న రోజులవి. హైదరాబాద్‌లో 2009లో మొదలైన సెల్కాన్ మన కళ్లముందే పెరిగింది. ఓపెన్ సిగ్నల్ అనే సంస్థ 2015లో తన యాప్ దిగిన ఆండ్రాయిడ్ పరికరాలను లెక్కపెడితే 24,093 వేర్వేరు రకాలు తేలాయి. ఇన్నింటికి చేత్తో జాబితా రాయడమంటే కొల్లేరు సరస్సుకి గీత గీయడం లాంటిది. 1999లో సముద్రమట్టానికి అయిదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమని కాగితం మీద గీత పడింది. దాంట్లో కలిసే బుడమేరు, తమ్మిలేరు పొంగితే నీరు ఆ గీత అడిగి రాదు.

ఏడీబీ చివరికి దారి మార్చింది. కంపెనీ ఎవరని అడగడం మానేసి, ఫోన్ తన లోపలున్న ద్వారాలను వర్ణించే తీరును చూడడం మొదలుపెట్టింది. ఆ వర్ణనలో మూడు అంకెలు వరసగా 255, 66, 1 అని కనిపిస్తే అది ఏడీబీ ద్వారం. మూడో అంకె 3 అయితే ఫాస్ట్‌బూట్, అంటే ఫోన్ ఇంకా పూర్తిగా నిద్రలేవకముందు తెరుచుకునే ద్వారం. అజయ్ భట్ తరం అనుకున్న జాతి పద్ధతికే తిరిగి వచ్చినట్టు. ఏ మూలన ఏ కంపెనీ పుట్టినా, ఈ మూడు అంకెలు సరిగ్గా చెబితే చాలు, ఏడీబీ పలుకుతుంది. ఒక్క నిర్ణయంతో వేల మోడళ్ల బాధ తీరింది.

అయినా జాబితా చావలేదు, వేరే ఇంటికి కాపురం మార్చింది. లైనక్స్‌లో ఏ పరికరాన్ని ఎవరు ముట్టుకోవచ్చో చెప్పే యూడెవ్ నియమాల్లోకి వెళ్లింది. అందులో లేకపోతే ఫోన్ కనపడుతుంది గానీ "అనుమతి లేదు" అంటుంది. విండోస్‌లో డ్రైవర్ల రూపంలో మిగిలింది. అక్కడ ఏ పరికరానికి ఏ డ్రైవర్ తగిలించాలో తేల్చే జాడిగ్ అనే ఓపెన్ సోర్స్ టూల్ ఉంది. చాలా ఉపకారి, కాస్త ప్రమాదకారి కూడా. తొందరలో ఫోన్‌కి బదులు కీబోర్డ్‌ని ఎంచుకుంటే, కీబోర్డ్ మూగబోయి కూర్చుంటుంది.

ఫైళ్లు తీసుకునే దారి చూస్తే జాబితా ఎందుకు పూర్తిగా పోదో అర్థమవుతుంది. పాత ఫోన్లు పెన్‌డ్రైవ్‌లా కనపడేవి. ఆండ్రాయిడ్ 3, 4 కాలం నుంచి ఎంటీపీ అనే పద్ధతికి మారాయి. మైక్రోసాఫ్ట్ పాటల ప్లేయర్ల కోసం చేసిన పద్ధతి అది. 2008లో యూఎస్‌బీ సంస్థ ప్రమాణంగా తీసుకుంది. లైనక్స్‌లో దీన్ని మాట్లాడేది లిబ్ ఎంటీపీ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ. దీన్ని ఏళ్ల తరబడి సాకినవాళ్లలో స్వీడన్‌కి చెందిన లీనుస్ వాలై ఒకరు. ప్రమాణం ఉంది కదా, జాబితా దేనికి? ప్రమాణాన్ని ఎవరి చేతికొచ్చినట్టు వాళ్లు రాశారు కాబట్టి. లిబ్ ఎంటీపీలో పరికరాల పట్టిక ఉన్న ఫైలు తెరిచి చదివితే, ఫోన్ కంపెనీల తప్పుల చిట్టా చదివినట్టే ఉంటుంది. ఒక్కో పరికరం పేరు పక్కన కొన్ని జెండాలు: ఈ ఫోన్‌ని ఫలానా ప్రశ్న అడక్కండి, గుడ్లు తేలేస్తుంది. దీనికి జవాబివ్వడానికి చాలాసేపు పడుతుంది, ఓపిక పట్టండి. పని అయ్యాక దీన్ని రీసెట్ చేయకపోతే మళ్లీ పలకదు.

అందులో శాంసంగ్ గెలాక్సీ వరస చూడదగ్గది. 04ఈ8, 6860 అనే ఒక్క జంట సంఖ్యల కింద గెలాక్సీ మోడళ్లు గుంపుగా ఉన్నాయి. పెట్టెల మీద పేర్లు వేరు, ధరలు వేరు, కేబుల్ మీద మాత్రం ఒకటే మనిషి. అంటే ఒక మోడల్‌కి ఉన్న రోగానికి మందు వేస్తే, ఆ రోగం లేని మోడళ్లన్నీ అదే మందు మింగాలి. రోగాలు కూడా విచిత్రమైనవి. గుచ్చిన మూడు సెకన్లలోపు సంభాషణ మొదలుపెట్టకపోతే ఆ పైన ఎన్నిసార్లు పిలిచినా పలకని గెలాక్సీల గురించి ఆ ఫైలులోనే ఒక వ్యాఖ్య ఉంది. కిటికీతో నడిచే గ్రాఫికల్ ప్రోగ్రామ్ ఫోన్ గుచ్చగానే దానంతటదే పలకరిస్తుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. తీరిగ్గా కమాండ్ టైపు చేసేవాడికి మాత్రం ఫోన్ పాడైపోయినట్టు అనిపిస్తుంది. ఫైలులో కొంత భాగమే చదవబోతే కొన్ని సైజుల దగ్గర ఇరుక్కుపోయే దోషానికి ఏకంగా శాంసంగ్ పేరుతోనే ఒక జెండా పెట్టారు.

పనిలో పనిగా తెలుగు పేర్ల సంగతి. ఫైలుకి తెలుగులో పేరు పెట్టుకుంటే కేబుల్ మీద పాడవుతుందేమోనన్న భయం ఇంకా చాలామందికుంది. ఎంటీపీలో పేర్లు యూనికోడ్‌లోనే నడుస్తాయి. "కొల్లేటికోట" అన్న మాటలో ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కపెడితే పదకొండు సంకేతాలు. అవి తీగ మీద 22 బైట్లు, చేరాక లైనక్స్ డిస్క్ మీద 33 బైట్లు. ఆ డిస్క్ ఒక పేరుకి ఇచ్చే చోటు సాధారణంగా 255 బైట్లు. అంటే ఇంగ్లీషు పేరు 255 అక్షరాలు పోవచ్చు, తెలుగు పేరు 85 సంకేతాల దగ్గరే ఆగాలి. వాట్సాప్‌లో వచ్చిన పెళ్లి శుభలేఖకి మొత్తం వంశవృక్షం పేరుగా పెట్టేవాళ్లకు తప్ప ఇది అడ్డం రాదు.

ఇంతవరకు ఫోన్‌ని పలకరించే టూళ్ల సంగతి. ఫోన్ లోపల మార్పు చేసే టూళ్ల కథ ఇంకా రంజుగా ఉంటుంది, అందులో హైమ్‌డల్‌ది ప్రత్యేక అధ్యాయం.

శాంసంగ్ సర్వీసు సెంటర్లలో వాడే ఓడిన్ అనే విండోస్ టూల్ ఎలాగో బయటికి పొక్కింది. సోర్స్ కోడ్ (మూలం) లేదు, లైసెన్సు లేదు, విండోస్‌లో తప్ప నడవదు. 2010లో ఆస్ట్రేలియాకి చెందిన బెంజమిన్ డోబెల్ తొలి గెలాక్సీ ఎస్ ముందు పెట్టుకుని, ఓడిన్ ఫోన్‌తో ఏం మాట్లాడుతోందో తీగ మీద వినడం మొదలుపెట్టాడు. వింటే దొరికింది ఉత్తర యూరప్ పురాణం: కంప్యూటర్ "ఓడిన్" అని పిలుస్తుంది, ఫోన్ "లోకె" అని బదులిస్తుంది. ఆ సంభాషణని తిరగరాసి, విండోస్, లైనక్స్, మ్యాక్ మూడింట్లో నడిచేలా చేసిన టూల్‌కి అదే పురాణంలోని కాపలాదారు పేరు పెట్టాడు, హైమ్‌డల్.

హైమ్‌డల్ మూలంలో ఫోన్లను గుర్తుపట్టే జాబితా చూసినవాడు నివ్వెరపోతాడు. అందులో ఉన్నవి మూడే సంఖ్యలు: గెలాక్సీ ఎస్, గెలాక్సీ ఎస్2, డ్రాయిడ్ ఛార్జ్ పేర్లతో. ఆ తర్వాత వచ్చిన ఎన్నో శాంసంగ్ ఫోన్లు, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకునే డౌన్‌లోడ్ మోడ్‌లోకి వెళ్లగానే ఎస్2 వేషంలోనే నిలబడతాయి. కాబట్టి కొత్త మోడల్‌ని గుర్తుపట్టడం కష్టం కాలేదు, దాని అలవాటు పట్టుకోవడమే కష్టమైంది. కొన్ని ఫోన్లు ప్రతి సందేశం ముందో తర్వాతో ఒక ఖాళీ సందేశం ఎదురుచూస్తాయి, అది రాకపోతే కదలవు. పాత ఫోన్లకి ఒక్కో ముద్ద 1,31,072 బైట్లు తినిపించాలి, కొత్తవాటికి 10,48,576 బైట్లు కావాలి. డోబెల్ ఇక్కడ మోడళ్ల పట్టిక రాయలేదు. సంభాషణ మొదట్లో ఫోన్‌నే అడిగించాడు. ముద్ద సైజు మార్చుకోగలనని ఫోన్ చెబితే పెద్ద ముద్ద, సున్నా అని చెబితే పాత ముద్ద. ఏ భాగం ఎక్కడుందన్నదీ అంతే, విభాగాల పట్టికను ఫోన్ నుంచే చదువుకుని, పేరుని బట్టి అక్కడ రాస్తుంది. 2010 నాటి టూల్ ఆ తర్వాత ఏళ్లలో పుట్టిన ఫోన్ల మీద కూడా పనిచేసిందంటే ఈ అడిగే గుణమే కారణం.

ఎల్లకాలం పనిచేయలేదు కూడా. శాంసంగ్ తన ఫైళ్లను ఎల్‌జెడ్4 పద్ధతిలో కుదించి ఇవ్వడం మొదలుపెట్టింది, ఫోన్ల లోపలి మెమరీ తీరు మారింది, అసలు ప్రాజెక్టులో కదలిక మందగించింది. పాత ఫోన్లకు ఆయుష్షు పోసే లీనియేజ్ ఓఎస్ తరఫువాళ్లు, హెన్రిక్ గ్రిమ్లర్ వంటి అభివృద్ధికారులు తమ శాఖల్లో దాన్ని బతికించుకుంటూ వచ్చారు. మూలం తెరిచి ఉండడం వల్ల ఒరిగే లాభం నిజానికి ఇక్కడ కనిపిస్తుంది. మొదలుపెట్టినవాడు అలిసిపోతే ఇంకొకడు భుజం మార్చుకోవచ్చు.

అందరికీ పరిచయమైన టూల్ మాత్రం ఎస్‌సీఆర్‌సీపీవై. ఫోన్ తెరను కంప్యూటర్‌లో చూపించి, మౌస్‌తో నడిపించనిస్తుంది. ఫ్రాన్స్‌కి చెందిన జెనీమొబైల్‌లో రొమాఁ విమోఁ రాసిన ఈ టూల్ 2018 మార్చిలో బయటికొచ్చింది. ఫోన్‌లో యాప్ వేయనక్కర్లేదు, రూట్ అక్కర్లేదు, ఆండ్రాయిడ్ 5 నుంచి పైన అన్నింట్లో నడుస్తుంది. యూఎస్‌బీ సంఖ్యల గొడవ దీనికి అసలు లేదు, ఏడీబీ భుజం మీద కూర్చుని వెళ్తుంది. మరి మోడళ్ల తేడా తప్పిందా అంటే, పైనుంచి వచ్చింది. తెరను పట్టుకోవడానికి అది వాడే ఆండ్రాయిడ్ లోపలి తలుపులు బయటివాళ్లకి ఉద్దేశించినవి కావు. కొత్త ఆండ్రాయిడ్ వచ్చినప్పుడల్లా ఏదో ఒక తలుపు జరుగుతుంది, టూల్‌లో మార్పు తప్పదు. మెయిజు ఫోన్లకి ఒక సర్దుబాటు, హానర్ ఫోన్లకి ఇంకో సర్దుబాటు, కంపెనీ పేరు రాసి మరీ దాని మూలంలో కనిపిస్తాయి. తెర కొలతలు ఎనిమిదితో భాగించబడకపోతే కొన్ని ఫోన్ల వీడియో చిప్‌లు మొరాయిస్తాయని, కొలతను ఎనిమిది గుణిజానికి సర్దుతుంది. షావోమీ ఫోన్లలో అయితే ఏడీబీకి దారిచ్చే యూఎస్‌బీ డీబగ్గింగ్ మీట ఒక్కటే సరిపోదు. దాని కిందే "సెక్యూరిటీ సెట్టింగ్స్" అని ఇంకో మీట ఉంటుంది. అది వేయకపోతే తెర కనపడుతుంది, మౌస్ నొక్కుడు మాత్రం పనిచేయదు. రెడ్‌మీ ఫోన్లు ఇంతగా నిండిన మన పల్లెల్లో ఈ ఒక్క మీట తెలియక టూల్ పనిచేయట్లేదని వదిలేసినవాళ్లు తక్కువమంది ఉండరు.

తెలుగువాళ్లకి ఇందులో ఇంకో చిక్కుంది. కంప్యూటర్ కీబోర్డ్ మీద కొట్టింది ఫోన్‌లోకి మామూలుగా పంపే దారి ఇంగ్లీషు అక్షరాలకే వీలుగా ఉంటుంది, తెలుగు పోదు. ఉపాయం సులువే. తెలుగు ముక్కని కంప్యూటర్‌లో కాపీ చేసి, ఫోన్ కిటికీలో అతికిస్తే క్లిప్‌బోర్డ్ దారిన వెళ్లిపోతుంది. తర్వాతి విడుదలల్లో నిజమైన కీబోర్డ్ గుచ్చినట్టు నటించే దారి కూడా వచ్చింది. ఫ్రాన్స్‌లో కూర్చున్నవాడికి తెలుగు గుణింతాల బాధ తెలిసే అవకాశం లేదు, వాడిన వాళ్లే చెప్పాలి.

ఐఫోన్ల సంగతి క్లుప్తంగా. ఒకే కంపెనీ, కొద్ది మోడళ్లు, కాబట్టి లిబ్ ఐమొబైల్‌డివైస్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి 2007 నుంచి జాబితా బాధ తక్కువ. బాధంతా ఆపిల్ నిర్ణయాలది. 2013లో ఐఓఎస్ 7తో "ఈ కంప్యూటర్‌ని నమ్మాలా?" అన్న ప్రశ్న వచ్చింది, 2018లో తాళం వేసిన గంటకి యూఎస్‌బీ సమాచార దారి మూసేసే కట్టుబాటు వచ్చింది, ఐఓఎస్ 17తో లోపలి సంభాషణ తీరే మారింది.

ఇక పూర్తిగా చచ్చిన ఫోన్. ఆండ్రాయిడే లేవకపోతే ఏడీబీకి మాట్లాడడానికి ఎవరూ ఉండరు. అప్పుడు మిగిలేది చిప్ ఒక్కటే. ఇక్కడ మోడల్ అన్న మాటకి అర్థం పూర్తిగా మారిపోతుంది. క్వాల్‌కామ్ చిప్ ఉన్న ఫోన్ ఏ కంపెనీదైనా, అత్యవసర స్థితిలో 05సి6, 9008 అన్న సంఖ్యలతోనే పలుకుతుంది. శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ బిగించిన రెడ్‌మీ 2 ప్రైమ్‌ని 2015 ఆగస్టులో విశాఖపట్నంలో ఆర్భాటంగా విడుదల చేశారు. ఆంధ్రలో తయారైన ఫోన్ అని మురిసిపోయాం, దాని లోపల ఉన్నది స్నాప్‌డ్రాగన్ 410. అది చచ్చి కేబుల్ మీద మాట్లాడితే క్వాల్‌కామ్ పేరే చెబుతుంది. మీడియాటెక్ అయితే 0ఈ8డి. జర్మనీకి చెందిన బ్యోర్న్ కెర్లర్ నడిపే ఎంటీకే క్లయింట్‌లో ఫోన్ల పట్టిక లేదు, చిప్‌ల పట్టిక ఉంది. ఒక్కో చిప్‌కి లోపలి చిరునామాలు రాసి ఉంటాయి. ఒక చిప్ వరస చేరిస్తే, అదే చిప్‌తో పది పేర్లతో అమ్మిన ఫోన్లన్నీ ఒకేసారి చేరినట్టు. క్వాల్‌కామ్ దారిలో అంత సుఖం లేదు. ఆ అత్యవసర స్థితిలో పనిచేయాలంటే ఫోన్ కంపెనీ సంతకం చేసిన ఒక చిన్న ప్రోగ్రామ్ కావాలి, దాన్ని కంపెనీ ఇవ్వదు.

ఇక్కడే తాళాల ప్రశ్న వస్తుంది. దీన్ని దాటవేసి టూళ్లను పొగిడితే అది సగం సమీక్షే. ఆండ్రాయిడ్ 10తో బయటికొచ్చిన ఫోన్ల నుంచి ఫైళ్లన్నీ ఒక్కొక్కటిగా గుప్తీకరించి ఉండాల్సిందే. చిప్ దారిన మెమరీ మొత్తం పిండి తీసినా, యజమాని పిన్ లేకుండా దొరికేది అర్థంలేని బైట్ల కుప్ప. హువావే 2018లోనే, ఆండ్రాయిడ్‌ని లేపే బూట్‌లోడర్ తాళంచెవులు ఇవ్వడం మానేసింది. శాంసంగ్‌లో అనధికార సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే నాక్స్ అనే భద్రతా ఫ్యూజు శాశ్వతంగా కాలిపోతుంది, తిరిగి అతకదు. యజమాని హక్కు కోసం రాసిన టూల్‌నే దొంగ కూడా వాడగలడన్నది నిజం. అందుకే 2023 మేలో సంచార్ సాథీ పేరుతో దేశమంతా వచ్చిన వ్యవస్థ పోయిన ఫోన్‌ని ఐఎంఈఐ అనే గుర్తింపు సంఖ్య ద్వారా నెట్‌వర్క్‌లోనే ఆపేస్తుంది. ఐఎంఈఐని దిద్దితే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. కంపెనీలు తాళం బిగించడాన్ని తప్పుపట్టలేం. సొంతదారుకి కూడా తాళంచెవి ఇవ్వకపోవడాన్ని మాత్రం తప్పుపట్టాల్సిందే.

రిపేరు కొట్లు ఈ చిక్కులన్నీ డబ్బుతో దాటుతుంటాయి. "బాక్స్" అనీ "డాంగిల్" అనీ పిలిచే టూళ్లకు డబ్బు కడితే కొత్త మోడళ్ల మద్దతు అప్‌డేట్ల రూపంలో వస్తుంది. అంటే జాబితానే, కాకపోతే అమ్ముడుపోయే జాబితా. కొనలేనివాళ్లు క్రాక్ చేసిన ప్రతులు దింపుకుంటారు, వాటితోపాటు ఏం దిగుతుందో దింపుకున్నవాడికీ తెలియదు. ఓపెన్ టూళ్లు ఉచితమే అయినా కొట్టులో ఎక్కువగా కనపడకపోవడానికి కారణం ఇంగ్లీషు ఒక్కటే కాదు. మన కొట్లకొచ్చే ఫోన్లు వాటిమీద పరీక్షకు నోచుకోవడమే తక్కువ. మెల్‌బోర్న్‌లోనో పారిస్‌లోనో ఉన్న అభివృద్ధికారుడి బల్ల మీద సెల్కాన్ ఫోన్, లావా ఫోన్ ఉండవు. లేని ఫోన్‌కి అతను రాసిందంతా ఊహ. ఎవరో ఫోన్ చేతిలో పట్టుకుని, ఏమైందో రాసి పంపేదాకా అది ఊహగానే ఉంటుంది.

ఆ పని అంత పెద్దదేం కాదు. తాడేపల్లిగూడెంలో 2015లో వచ్చిన నిట్‌లోనో, ఏలూరు సర్ సీఆర్ రెడ్డి ఇంజినీరింగ్ కాలేజీలోనో చదివే విద్యార్థి సెలవుల్లో ఒక మధ్యాహ్నం కూర్చుంటే అవుతుంది. లైనక్స్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ అన్న కమాండ్ ఫోన్ చెప్పే సంఖ్యలనూ దాని ద్వారాల వర్ణననూ చూపిస్తుంది. కెర్నెల్ చిట్టాలో ఫోన్ గుచ్చినప్పుడు, వేషం మార్చినప్పుడు ఏం జరిగిందో వరసగా ఉంటుంది. యూఎస్‌బీమాన్ తెరిచి వైర్‌షార్క్‌తో చూస్తే తీగ మీద ప్రతి మాటా వినిపిస్తుంది, డోబెల్ విన్నట్టే. పనిచేసే ఫోన్ సంభాషణనీ పనిచేయని ఫోన్ సంభాషణనీ పక్కపక్కన పెడితే, ఎక్కడ దారి తప్పిందో చాలాసార్లు కంటికే కనపడుతుంది. ఆపైన దిద్దాల్సింది ఒక్కోసారి ఒక్క వరస. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందాలు కాలేజీల్లో ఏళ్లుగా శిబిరాలు పెడుతున్నాయి. వాటిలో వెబ్‌సైట్లు, యాప్‌ల పక్కన ఈ తీగ పని కూడా చేర్చడానికి ఖర్చయ్యేది పాత ఫోన్లు నాలుగు.

జాగ్రత్త ఒకటే. చదివే టూల్ మీద ప్రయోగం చేస్తే మహా అయితే ఫోన్ పలకదు. రాసే టూల్ మీద చేస్తే ఫోన్ ఇటుకవుతుంది. హైమ్‌డల్ జాతి టూల్‌ని కొత్త ఫోన్‌కి అలవాటు చేసేవాళ్లు మొదట విభాగాల పట్టికను చదివి దాచుకుంటారు, ఆ తర్వాతే రికవరీ లాంటి చిన్న విభాగం మీద చెయ్యి వేస్తారు. బూట్‌లోడర్ జోలికి అస్సలు పోరు.

కైకలూరు కొట్టులో రైతు ఫోన్ ఇంకా బల్ల మీదే ఉంది. దానికి ఏ టూల్ పనికొస్తుందన్నది మునగకముందు ఆ ఫోన్‌లో ఏం చేసి ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. యూఎస్‌బీ డీబగ్గింగ్ మీట ఉండే డెవలపర్ ఆప్షన్లు తెరవాలంటే 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.2 నుంచి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కాలి. ఆ మరుసటి ఏడాది 4.2.2 నుంచి కొత్త కంప్యూటర్‌కి గుచ్చిన ప్రతిసారీ తెర మీద "అనుమతించు" నొక్కాలి. తెరే పోయినవాడు ఏం నొక్కుతాడు? గతంలో ఇదే కొట్టు కంప్యూటర్‌కి అనుమతి ఇచ్చి ఉంటే ఎస్‌సీఆర్‌సీపీవై ఒక్క కమాండ్‌తో తెరను మానిటర్ మీద పెడుతుంది, పని అయిపోతుంది. ఇవ్వకపోతే ఓటీజీ ముక్క ఒకటి పెట్టి మామూలు కీబోర్డ్ గుచ్చి, చీకట్లో పిన్ కొట్టి, తాళం తీసి, గుడ్డిగా బాణం మీటలతో వెతుక్కోవాలి. ఇందులో సగంసార్లు అసలు లోపం కేబుల్‌ది. ఛార్జింగ్ తీగలు మాత్రమే ఉండి సమాచారపు తీగలు లేని చవక కేబుల్‌తో ఏ టూలూ ఏ ఫోన్‌నీ చూడలేదు. కొట్టు కుర్రాడు అందుకే మోడల్ అడిగాక రెండో మాటగా కేబుల్ మారుస్తాడు.

లిబ్ ఎంటీపీలో పరికరాల పట్టిక ఉన్న ఆ ఫైలు పేరు ఇప్పటికీ "మ్యూజిక్ ప్లేయర్స్". మొదలుపెట్టిన రోజున అందులో ఉన్నవి క్రియేటివ్ జెన్ లాంటి పాటల ప్లేయర్లు. వాటిని ఎవరూ తీసేయలేదు. వాటి పక్కనే, గత పదేళ్లలో ఎవరెవరో తమ జేబులోంచి తీసి రాసి పంపిన ఫోన్లు వరసగా చేరుతున్నాయి.